తొంభై శాతం బడా, అరవై శాతం బడా?

ప్రశ్న: నమస్తే సార్. మేం నంద్యాల నుంచి ఆదోనికి వచ్చి ఏడాది కావస్తోంది. మా ఆయన ఇక్కడ ఒక జిన్నింగ్ మిల్లులో లెక్కలు రాస్తారు. పాప ఐదో తరగతి చదువుతోంది, జూన్‌లో ఆరులో చేర్చాలి. ప్రైవేటుకు పంపే స్తోమత లేదు, పంపాలన్న మోజూ లేదు. మాకు అందుబాటులో మూడు సర్కారు బళ్లున్నాయి. ఊరి బయట మోడల్ స్కూలు, అక్కడ పదో తరగతిలో తొంభై శాతం పైనే పాసవుతున్నారు. నాలుగు వీధుల అవతల ఆడపిల్లల హైస్కూలు, డెబ్బై అయిదుకు అటూ ఇటూ. మా సందు చివరే పాత మునిసిపల్ హైస్కూలు, అది అరవై దగ్గరే ఆగింది. నేను డిగ్రీ దాకా చదివినదాన్ని, ఊరుకోలేక, బళ్ల వివరాలుండే సర్కారు యూడైస్ వెబ్‌సైట్‌లోంచి ఏ బడిలో ఎంతమంది ఎస్సీ, ఎస్టీ, బీసీ, ముస్లిం పిల్లలున్నారో తీసి, పక్కన పాస్ శాతం వేసి పట్టిక గీశాను. ఎస్సీ, ముస్లిం పిల్లలు ఎక్కువున్న చోటే శాతం తక్కువగా ఉంది. మా ఆడపడుచు అది చూసి, "నేను ముందే చెప్పలేదా, ఆ బడినిండా గేరి (దళితవాడ) పిల్లలే, మన పాప చెడిపోతుంది" అంటోంది. మేమూ బీసీలమే. ఆ మాట నాకు నచ్చలేదు. కానీ లెక్క మాత్రం ఆమె వైపే ఉన్నట్టుంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ఆదోని

సమాధానం: లెక్క ఆమె వైపు లేదమ్మా. మీరు తీసిన అంకెలు సరైనవే కావచ్చు. కానీ ఆ పట్టికలో ఉండాల్సిన రెండు గళ్లు లేవు. ఆరో తరగతిలో బడి గుమ్మం లోపలికి వచ్చినవాళ్లు ఎవరన్నది ఒకటి, పదో తరగతి పరీక్ష దాకా మిగిలినవాళ్లు ఎంతమంది అన్నది రెండోది. ఈ రెండూ లేకుండా పాస్ శాతాన్ని మాత్రమే చూస్తే బడి చేసిన పని కనబడదు, బడికి దొరికిన పిల్లలే కనబడతారు.

మోడల్ స్కూలు సంగతే చూడండి. అక్కడ ఆరో తరగతికి ప్రవేశ పరీక్ష ఉంది. అంటే ఐదు దాటేసరికే చదవడం, రాయడం, భాగహారం వచ్చిన పిల్లలు, దరఖాస్తు గురించి పట్టించుకుని పరీక్షకు వెంటపెట్టుకుపోయే అమ్మానాన్నలున్న పిల్లలు అక్కడికి చేరతారు. వాళ్లలో తొంభై మంది పాసైతే సంతోషమే, ఆ గొప్పలో ఎంత భాగం బడిదో ఎంత భాగం పరీక్షదో మాత్రం ఆ అంకె చెప్పదు. మీ వారిని అడగండి. ఒక మిల్లులో క్వింటా పత్తికి దూది ఎక్కువ దిగిందంటే, వచ్చిన పత్తి ఏ రకం, తేమ ఎంత అని చూడకుండా మిషన్‌ను మెచ్చుకుంటారా? ఉమ్మడి అనంతపురం జిల్లాలోని కొడిగెనహళ్లి గురుకులం పేరు సీమలో తెలియనివాళ్లు తక్కువ. ఆ టీచర్ల కష్టాన్ని నేను తక్కువ చేయను. అయితే పోటీ పరీక్ష పెట్టి ఏరుకున్న పిల్లల ఫలితాన్ని, వచ్చినవాళ్లనల్లా చేర్చుకునే బడి ఫలితం పక్కన పెట్టి చూడటం న్యాయం కాదు. దీనికి తిరగేసిన ఉదాహరణ కస్తూర్బా బాలికా విద్యాలయాలు. బడి మానేసిన ఆడపిల్లలను, పేద ఇళ్ల పిల్లలను వెతికి చేర్చుకోవడానికే వాటిని పెట్టారు. అక్కడ డెబ్బై శాతం వచ్చిందంటే, నా లెక్కలో అది ఎంట్రన్స్ బడి తొంభైకి తక్కువేం కాదు.

ఇక రెండో గడి. పాస్ శాతాన్ని కట్టేది పరీక్ష రాసినవాళ్ల మీద. ఎనిమిదిలో అరవై మంది ఉండి, పదో తరగతి పరీక్షకు పంపే పేర్ల జాబితా, అంటే నామినల్ రోల్స్‌కు వచ్చేసరికి నలభై మందే మిగిలితే, జారిపోయిన ఆ ఇరవై మంది ఏ శాతంలోనూ ఉండరు. వాళ్లు పత్తి తీయడానికి పోయుండొచ్చు, పెళ్లయి ఉండొచ్చు, మెకానిక్ షెడ్డులో చేరి ఉండొచ్చు. బలహీనంగా ఉన్న పిల్లలకు తొమ్మిదిలోనే టీసీ చేతిలో పెట్టి శాతాన్ని కాపాడుకునే బళ్లూ ఉన్నాయి, ముఖ్యంగా ఫ్లెక్సీల మీద ర్యాంకులు వేసుకునే చోట. పిల్లలను జారనివ్వకుండా చివరిదాకా పట్టుకుని, వెనకబడ్డవాళ్లనూ పరీక్షకు కూర్చోబెట్టిన బడికి శాతం తగ్గుతుంది. ఏది మంచి బడి మరి?

మీ ఆడపడుచు మాట దగ్గరికి వద్దాం. దానికి ఒక లెక్కతో జవాబు చెప్తాను. ఇది ఏ బడి లెక్కా కాదు, కాగితం మీద వేసుకున్నది. రెండు బళ్లున్నాయి, ఒక్కోదానిలో 100 మంది పదో తరగతి పిల్లలు అనుకుందాం. మొదటి బడిలో 80 మంది ఇళ్లలో అమ్మ పది దాకా చదివింది, 20 మంది ఇళ్లలో బడి మొహం చూసిన మొదటి తరం వీళ్లే. రెండో బడిలో ఇది తిరగబడి ఉంది, చదివిన అమ్మల పిల్లలు 20 మంది, మొదటి తరం పిల్లలు 80 మంది. మొదటి బడిలో ఆ 80లో 72 మంది, ఈ 20లో 10 మంది పాసయ్యారు. మొత్తం 82 శాతం. రెండో బడిలో 20లో 19 మంది, 80లో 48 మంది పాసయ్యారు. మొత్తం 67 శాతం. పేపర్లో 82 బడి పైన, 67 బడి కింద ఉంటుంది. ఇప్పుడు విడదీసి చూడండి. చదివిన అమ్మల పిల్లలు మొదటి బడిలో 90 శాతం, రెండో బడిలో 95 శాతం పాసయ్యారు. మొదటి తరం పిల్లలు మొదటి బడిలో 50 శాతం, రెండో బడిలో 60 శాతం. అంటే ఏ రకం ఇంటి పిల్లకైనా రెండో బడే మెరుగు! మొత్తం కలిపితే మాత్రం అదే ఓడిపోయింది. మీరు డిగ్రీ చదివారు, మీ పాప ఏ గుంపులో పడుతుందో మీకే తెలుసు. మీరు అడగాల్సింది ఆ బడి మొత్తం శాతం ఎంత అని కాదు, మా పాపలాంటి పిల్లలు అక్కడ ఎలా చదువుతున్నారు అని.

మరి ఎస్సీ, ముస్లిం గడికీ పాస్ గడికీ ఎందుకు పొంతన కుదురుతోంది? మన దగ్గర ఆ గడి వెనక వేరే నాలుగు గడులు దాక్కుని ఉన్నాయి కాబట్టి. యూడైస్‌లో కులానికి, మతానికి, లింగానికి, మీడియానికి గళ్లున్నాయి. సుగ్గికి, అంటే కూలి పనులకు వలస పోవడానికి, గడి లేదు. ఆదోని చుట్టుపక్కల కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు పల్లెల నుంచి పంటలు అయిపోగానే కుటుంబాలకు కుటుంబాలు కదిలిపోతాయి. గుంటూరు వైపు మిరపకోతకు, తెలంగాణకు పత్తి తీయడానికి, బెంగళూరుకు బేల్దారి పనికి. పొలం లేనివాళ్లు, ఉన్నా నీళ్లు లేనివాళ్లు ముందు పోతారు. వాళ్లలో దళితులు ఎక్కువ, వెనకబడిన కులాలవాళ్లూ తక్కువేం కాదు. పిల్లలను ఊళ్లోనే ఆపి చదివించడానికి సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు పెడుతున్నారు. అయినా ముసలి అవ్వ దగ్గర వదిలిపెట్టిన పిల్లా, అమ్మానాన్నల వెంట పోయిన పిల్లా డిసెంబరు నుంచి మార్చి దాకా, అంటే సరిగ్గా రివిజన్ నడిచే నెలల్లోనే, బడికి దూరమవుతారు. ఆ పిల్ల ఫెయిలైతే మీ పట్టికలో పడేది కులం గడి పక్కన.

అమ్మల చదువు ఇంకొకటి. 2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం దగ్గర ఉంది, ఆడవాళ్లలో అయితే సగం మందికే చదవను రాయను వచ్చు. హోంవర్క్ దగ్గర కూర్చునే మనిషి లేని ఇల్లు ఏ కులానిదైనా ఒకటే. ఆదోనిలో ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు అన్నట్టు మూడు భాషల మధ్య నడిచే పిల్లలున్నారు, కన్నడం మాట్లాడే ఇళ్లూ ఉన్నాయి. ఇంకో సంగతి కూడా మీకు తట్టి ఉండదు. టౌనుల్లో సాంఘిక సంక్షేమ, బీసీ హాస్టళ్ల పిల్లలు చదివేది దగ్గర్లోని సర్కారు హైస్కూళ్లలోనే. హాస్టల్‌కు దగ్గరున్న బడిలో ఎస్సీ శాతం ఊరికే పెరిగిపోతుంది. పదకొండేళ్లకే ఇల్లు వదిలి పెట్టెతో వచ్చిన పిల్లలు వాళ్లు. మీ ఆడపడుచు అంటున్న గేరి పిల్లలంటే వాళ్లే. వాళ్ల పక్కన కూర్చుంటే మీ పాప చెడిపోదమ్మా. తోటి పిల్లలు కష్టంగా చదువుకోవడం చూస్తే చెడిపోవడం ఎలాగో నాకైతే అర్థం కాదు. ఈ మాట ఆమెతో మీరు గట్టిగానే చెప్పండి, మెత్తగా చెప్తే వినే రకంలా లేదు.

పిల్లలు ఎవరైతే ఫలితం అంతే అని కూడా అనుకోవద్దు, అదీ తప్పే. మీ ఆడపడుచు మాట ఎంత అన్యాయమో ఇదీ అంతే. పార్వతీపురం మన్యం గిరిజనులు ఎక్కువున్న జిల్లా, పేద జిల్లా. పదో తరగతిలో 2023, 2024, 2025 మూడేళ్లూ రాష్ట్రంలో మొదటి స్థానం దానిదే. 2024లో అక్కడ 96.37 శాతం. అదే ఏడాది మన కర్నూలు 62.47 శాతంతో ఆఖరున నిలిచింది. అంతకుముందు 2023లో ఆఖరు నంద్యాల, 2022లో ఉమ్మడి అనంతపురం. 2025లో ఆఖరున ఉన్నది అల్లూరి సీతారామరాజు జిల్లా, అదీ గిరిజన జిల్లానే. గిరిజనులు బాగా ఉన్న రెండు జిల్లాలు ఒకటి పైన, ఒకటి అడుగున. పిల్లల పుట్టుక ఫలితాన్ని రాసిపెట్టేదే అయితే ఇలా జరగదు కదా. బడి చేసే పని అంటూ ఒకటుంది. అది ఎంతో తెలియాలంటే ఒకే రకం పిల్లలున్న బళ్లను ఒకదాని పక్కన ఒకటి పెట్టాలి. మీ పాత మునిసిపల్ హైస్కూలును మోడల్ స్కూలుతో కాదు, ఎమ్మిగనూరులోనో గుంతకల్లులోనో అలాంటి పిల్లలే ఉన్న ఇంకో మునిసిపల్ హైస్కూలుతో పోల్చండి. అక్కడ డెబ్బై అయిదు వచ్చి ఇక్కడ అరవై దగ్గర ఆగితే అప్పుడు హెడ్‌మాస్టర్‌ను నిలదీయడానికి మీకు హక్కుంది.

ప్రైవేటు మోజు లేదన్నారు కాబట్టి ఊరికే చెప్తున్నాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 180 పల్లెల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు లాటరీ తీసి కొందరు సర్కారు బడి పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టించారు. లాటరీ కాబట్టి రెండు వైపులా ఒకే రకం పిల్లలు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో తేడా లేదు. ప్రైవేటు పిల్లలు హిందీలో మాత్రం ముందున్నారు. ప్రైవేటు బడి పిల్లవాడికి పెట్టే ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదన్నది కూడా అందులోనే తేలింది, కాబట్టి సర్కారు బళ్లు మీసం తిప్పాల్సిన ఫలితమేం కాదు.

ఒక్క ఏడాది శాతాన్ని నమ్మకండి. నలభై మంది రాసిన బడిలో నలుగురు పిల్లలు అటు ఇటైతే పది శాతం మారిపోతుంది. పైగా ఏడాదికేడాది పరీక్షే మారుతోంది. 2020, 2021ల్లో కరోనా వల్ల పరీక్షే లేదు, అందరూ పాస్. 2022లో రాష్ట్రమంతా కలిపి 67.26 శాతం, 2024లో 86.69, 2025లో 81.14. ఆ 2025 బ్యాచ్ ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్‌తో రాసిన మొదటి బ్యాచ్, అందులో ఎక్కువమందిది ఇంగ్లీషు మీడియం. కాబట్టి మీ పట్టికలో మూడేళ్ల అంకెలు వేసి, ఒక్కో ఏడాది అంకె పక్కన అదే ఏడాది జిల్లా శాతం రాయండి. జిల్లా కంటే ఎప్పుడూ నాలుగు మెట్లు పైనే ఉంటోందా, ఎప్పుడూ కిందేనా అన్నది అప్పుడు తెలుస్తుంది. ఒకే ప్రాంగణంలో ఉర్దూ మీడియం కూడా నడుస్తుంటే మీడియం వారీగా విడదీసి అడగండి. ఒక మీడియంలో లెక్కల టీచర్ ఉండి ఇంకో దానిలో లేకపోవడం చూశాను.

ఇప్పుడు బడికి పోండి. మధ్యాహ్న భోజనం అయ్యాక పోతే మంచిది, రెండు గంటలప్పుడు బడి అసలు రూపం తెలుస్తుంది. హెడ్‌మాస్టర్ పరీక్షల హడావుడిలో ఉంటే ఇంకో రోజు పోండి గానీ అడగకుండా మాత్రం తిరిగి రావద్దు. మొదట అడగాల్సింది పోస్టుల గురించి. లెక్కలకు, ఫిజికల్ సైన్సుకు, ఇంగ్లీషుకు స్కూల్ అసిస్టెంట్లు (ఆ సబ్జెక్టు చెప్పే టీచర్లు) ఉన్నారా, ఎన్నేళ్లుగా ఉన్నారు, ఖాళీ అయితే ఎప్పటి నుంచి ఖాళీ? నా అనుభవంలో ఒక హైస్కూలు శాతాన్ని పిల్లల కులం కంటే ఎక్కువగా పడదోసేది లెక్కల టీచర్ లేని రెండేళ్లు. పిల్లలకు అది తొమ్మిదిలో జరిగితే పదిలో ఎవరు వచ్చినా అతుకు పడదు. తర్వాత, ఇప్పటి పదో తరగతి పిల్లలు ఎనిమిదిలో ఎంతమంది ఉండేవాళ్లు, నామినల్ రోల్స్‌లో ఎంతమంది వచ్చారు అని అడగండి. జనవరి నెల హాజరు చూపించమని మర్యాదగా అడగండి. పాస్ ఎంతమంది అన్నది మీకు తెలిసిందే, 600లో 500 దాటినవాళ్లు ఎంతమంది అని కూడా అడగండి, పైకి లాగగలిగిన బడా కాదా తెలుస్తుంది. ఎనిమిదో తరగతిలో సర్కారు, ఎయిడెడ్ బళ్ల పిల్లలు రాసే ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష ఉంది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయల స్కాలర్‌షిప్. దానికి ఏటా పిల్లలను కూర్చోబెట్టి తయారు చేసే టీచర్ ఒక్కరున్నా ఆ బడిలో జీవం ఉందని నా గుర్తు. అడిగితే ఆ టీచర్ పేరు పిల్లలే చెప్తారు. ఆడపిల్ల కాబట్టి మరుగుదొడ్లలో నీళ్లు వస్తున్నాయో లేదో మీరే తలుపు తీసి చూడండి, ఎవరి మాటా వినవద్దు.

ఇవి అడిగితే కోప్పడే హెడ్‌మాస్టర్లు ఉంటారు. తల్లిదండ్రుల సమావేశాలు, కమిటీలు ఇప్పుడు అన్ని బళ్లలో ఉన్నాయి, అక్కడ అడగండి. లెక్కలు చూపించలేనంత దాచుకోవాల్సింది ఉందంటే అదీ ఒక జవాబే.

పాపను కూడా ఒకసారి చూడండి. ఐదో తరగతి తెలుగు పాఠంలో ఒక పేరా తడుముకోకుండా చదువుతుందా, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగిస్తుందా? చేస్తే ఆమె ఏ బడిలోనైనా నిలదొక్కుకుంటుంది. తడబడితే పెద్ద పేరున్న బడి కంటే, సాయంత్రం అరగంట కూర్చోబెట్టుకునే టీచరున్న బడి మేలు.

నా సలహా ఇదీ. మోడల్ స్కూలు ప్రవేశ పరీక్ష సాధారణంగా ఏప్రిల్‌లో ఉంటుంది, నోటిఫికేషన్ చూసుకుని రాయించండి. రాయడం వల్ల నష్టం లేదు. సీటు వస్తే, రోజూ ఊరి బయటికి పోయి రావడం పాపకు కుదురుతుందా అన్నది మీరు ఆలోచించుకోవాలి. బస్సు పాస్ ఉంటే సరిపోదు, సాయంత్రం చీకటి పడే నెలల్లో ఎవరు తీసుకొస్తారు? సీటు రాకపోతే మిగతా రెండింటిలో పాత మునిసిపల్ బడికి ముందు పోండి. అక్కడ లెక్కలు, ఇంగ్లీషు టీచర్లు ఉండి, ఎనిమిదిలో ఉన్న పిల్లల్లో పదికి తొమ్మిది మందైనా నామినల్ రోల్స్ దాకా వస్తూ ఉంటే, అరవై శాతం చూసి భయపడకుండా అక్కడే చేర్చండి. ఇంటి సందు చివర బడి అంటే పాపకు రోజూ గంట మిగులుతుంది, మీరు ఎప్పుడంటే అప్పుడు పోయి చూడగలరు. లెక్కల పోస్టు ఖాళీగా ఉందని తెలిస్తే మాత్రం మొహమాటపడకండి, ఆడపిల్లల హైస్కూలుకు పోయి ఇవే ప్రశ్నలు అక్కడా అడగండి.

పట్టిక పారేయకండి. కులం గడి అలాగే ఉంచి దాని పక్కన టీచర్ల ఖాళీలకు ఒకటి, ఎనిమిది నుంచి పదికి మిగిలినవాళ్లకు ఒకటి, జనవరి హాజరుకు ఒకటి గీసి, మూడు బళ్లకూ నింపి నాకు పంపండి. పాప వయసు పిల్లలున్న మీ సందులోని ఇంకో ఇద్దరు తల్లులను కూడా వెంటబెట్టుకుపోతే, హెడ్‌మాస్టర్ కుర్చీ వేసి మాట్లాడతారు.